జీతం కంపెనీది.. డిజైన్ ఎవరిది? డెన్నిస్ రిచీ జీవితంలో జవాబు

పాలిటెక్నిక్ అయినా, బీటెక్ అయినా మొదటి ఏడాదిలోనే ఎదురయ్యేది సి లాంగ్వేజ్. దాన్ని తయారుచేసిందెవరంటే డెన్నిస్ రిచీ అని వైవాలో టక్కున చెప్పేస్తాం. పరీక్ష అయ్యాక మర్చిపోతాం. నిజానికి ఉద్యోగాల వేటలో ఉన్నవాళ్లకు ఆయన పేరు కంటే ఆయన జీవితం ఎక్కువ పనికొస్తుంది. ఓపెన్‌సోర్స్ వైపు వెళ్దామా వద్దా అని తేల్చుకోలేక చాలామంది అడిగే ప్రశ్నకు అందులో జవాబుంది. లినక్స్ ఉచితం కదా, మరి దాన్ని రాసేవాళ్లకు జీతాలు ఎవరిస్తారు? కంపెనీలే ఇస్తుంటే, ఆ సిస్టమ్ ఎలా ఉండాలో కూడా అవే నిర్ణయిస్తాయా?

ములకలపల్లిలో బస్సెక్కి పాల్వంచకో, కొత్తగూడేనికో కాలేజీకి వెళ్లే విద్యార్థి చేతిలో ఆండ్రాయిడ్ ఫోన్ ఉందంటే అది నడిచేది లినక్స్ కెర్నల్ మీదే. లినక్స్‌కు దారి వేసింది యూనిక్స్. ఆ యూనిక్స్‌ను కెన్ థాంప్సన్‌తో కలిసి నిర్మించిన వ్యక్తి రిచీ. ఉద్యోగ జీవితమంతా ఆయన ఒకే ల్యాబ్‌లో జీతం తీసుకున్నారు. ఆ ల్యాబ్ ఒక టెలిఫోన్ కంపెనీది. ఫోన్ కంపెనీ డబ్బుతో పుట్టిన సిస్టమ్ ప్రపంచమంతటిదీ ఎలా అయిందో చూద్దాం.

నాన్న పనిచేసిన ల్యాబ్‌లోనే

రిచీ 1941 సెప్టెంబరు 9న అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రంలోని బ్రాంక్స్‌విల్‌లో పుట్టారు. పెరిగింది పక్కనున్న న్యూజెర్సీలో. తండ్రి అలిస్టర్ రిచీ బెల్ ల్యాబ్స్‌లో శాస్త్రవేత్త. టెలిఫోన్ ఎక్స్చేంజీల్లో వాడే స్విచింగ్ సర్క్యూట్ల డిజైన్ మీద వచ్చిన ఒక పుస్తకానికి సహ రచయిత కూడా. అబ్బాయి హార్వర్డ్‌లో ఫిజిక్స్ డిగ్రీ 1963లో పూర్తిచేసి, అనువర్తిత గణితంలో పరిశోధనకు దిగాడు. 1968లో థీసిస్ రాయడం పూర్తయింది. కానీ బైండింగ్ చేయించిన కాపీని యూనివర్సిటీకి అందజేయలేదు. దాంతో పీహెచ్‌డీ పట్టా చేతికి రాలేదు. అప్పటికే, 1967లోనే, బెల్ ల్యాబ్స్‌లో ఉద్యోగంలో చేరిపోయారు.

బెల్ ల్యాబ్స్ అంటే ఏటీ అండ్ టీ అనే ఫోన్ కంపెనీకి చెందిన పరిశోధన విభాగం. అప్పట్లో అమెరికాలో ఫోన్ వ్యాపారం దాదాపు మొత్తం ఆ కంపెనీదే. ఆదాయానికి ఢోకా లేదు కాబట్టి, వెంటనే లాభం రాని పరిశోధనకూ అక్కడ చోటుండేది. అలాగని అడిగినవన్నీ ఇచ్చేవాళ్లని అనుకోవద్దు.

కాదన్నారు.. మిగిలిన మెషీన్‌తో మొదలైంది

ఎంఐటీ, జనరల్ ఎలక్ట్రిక్, బెల్ ల్యాబ్స్ కలిసి మల్టిక్స్ అనే పెద్ద ఆపరేటింగ్ సిస్టమ్‌ను తలపెట్టాయి. ఒకే కంప్యూటర్‌ను ఎంతోమంది ఒకేసారి వాడుకునేలా చేయడం దాని లక్ష్యం. పని అనుకున్నంత త్వరగా తెమల్లేదు. 1969లో బెల్ ల్యాబ్స్ పక్కకు తప్పుకుంది. అందులో పనిచేసిన థాంప్సన్, రిచీ, మరికొందరు సొంతంగా ప్రయోగాలు చేసుకోవడానికి ఒక కంప్యూటర్ కొనివ్వమని యాజమాన్యాన్ని అడిగారు. ఒకసారి కాదు, చాలాసార్లు. ప్రతిసారీ కాదనే జవాబే వచ్చింది. అప్పుడే ఒక ఆపరేటింగ్ సిస్టమ్ మీద చేతులు కాల్చుకున్న కంపెనీ మరోదానికి డబ్బెందుకు పెడుతుంది?

థాంప్సన్ అప్పట్లో అంతరిక్ష ప్రయాణం ఆట ఒకటి రాసుకున్నారు. పెద్ద కంప్యూటర్‌లో ఒక్కసారి ఆడితే దాదాపు 75 డాలర్ల ఖర్చు లెక్కలో పడేది. దాంతో ల్యాబ్‌లో పెద్దగా ఎవరూ వాడని పీడీపీ-7 అనే చిన్న మెషీన్‌కు ఆ ఆటను మార్చారు. ఆ మెషీన్ మీదే 1969లో కొత్త సిస్టమ్‌కు పునాది పడింది. తర్వాత దానికి యూనిక్స్ అనే పేరొచ్చింది. దీనికి కంపెనీ ప్లాన్ లేదు, బడ్జెట్ లేదు. ఇచ్చిందల్లా జీతం, కొంత స్వేచ్ఛ.

టైపిస్టుల కోసం వచ్చిన కంప్యూటర్

మెషీన్ చిన్నదైపోయింది. కొత్తది కావాలి. ఈసారి వాళ్లు అడిగే పద్ధతి మార్చారు. 1970లో సుమారు 65,000 డాలర్ల పీడీపీ-11 కోసం ప్రతిపాదన పెట్టినప్పుడు, ఆపరేటింగ్ సిస్టమ్ రాస్తామని చెప్పలేదు. పత్రాలు టైపు చేసి, దిద్ది, ఫార్మాట్ చేసే ఏర్పాటు తయారుచేస్తామన్నారు. బెల్ ల్యాబ్స్ పేటెంట్ విభాగానికి సరిగ్గా అలాంటిదే కావాలి. పేటెంట్ దరఖాస్తులంటే పేజీలకు పేజీలు, వాటిలో ప్రతి వరుసకూ నంబరు ఉండాలి. కంప్యూటర్ వచ్చింది. 1971 చివరి నెలల్లో ముగ్గురు టైపిస్టులు రోజంతా యూనిక్స్ మీద కూర్చుని పేటెంట్ దరఖాస్తులు టైపు చేసేవాళ్లు. బయటి విభాగం నుంచి యూనిక్స్‌కు దొరికిన మొదటి వినియోగదారులు వాళ్లే.

కార్పొరేట్ డబ్బు డిజైన్‌ను ఎలా మలుస్తుందో తెలియాలంటే ఇక్కడ కాస్త ఆగి చూడాలి. పేటెంట్ విభాగం అడిగింది వరుస నంబర్లు. ఆ సౌకర్యాన్ని ఫార్మాటింగ్ ప్రోగ్రామ్‌లో పెట్టారు. అంతటితో ఆగి ఉంటే అది ఒక ఆఫీసు సాఫ్ట్‌వేర్‌గా మిగిలిపోయేది. రిచీ, థాంప్సన్ అలా చేయలేదు. సాదా అక్షరాల ఫైలును ఏ ప్రోగ్రామైనా చదవగలిగేలా, రాయగలిగేలా సిస్టమ్‌ను ఉంచారు. ఆ మెషీన్ మెమరీ 24 కిలోబైట్లు, డిస్క్ అర మెగాబైటు. ఇప్పుడు మీ ఫోన్లో ఒక ఫొటోకు కూడా అది చాలదు. అంత ఇరుకు కాబట్టే ప్రోగ్రామ్‌లు చిన్నగా, ఒక్కోటి ఒక్కో పని చేసేలా రాసుకున్నారు. అవసరం ఒక విభాగానిది. పరిష్కారం మాత్రం అందరికీ పనికొచ్చేలా కుదిరింది.

సి భాష, ఒక పేటెంట్

థాంప్సన్ రాసిన బి అనే చిన్న భాషను తీసుకుని, దానికి డేటా టైపులు చేర్చి, 1971 నుంచి 1973 మధ్య రిచీ దాన్ని సి భాషగా మార్చారు. 1973లో యూనిక్స్ కెర్నల్‌ను సి లో తిరగరాశారు. అప్పటిదాకా ఆపరేటింగ్ సిస్టమ్ అంటే ఆయా మెషీన్ అసెంబ్లీ భాషలోనే రాయాలనే అభిప్రాయం బలంగా ఉండేది. సి వల్ల కంప్యూటర్ మారినా సిస్టమ్‌ను మళ్లీ మొదటి నుంచి రాయాల్సిన పని తప్పింది. 1970ల చివర్లో స్టీవ్ జాన్సన్‌తో కలిసి రిచీ యూనిక్స్‌ను ఇంటర్‌డేటా అనే పూర్తిగా వేరే రకం మెషీన్‌కు తరలించి దీన్ని రుజువు చేశారు. 1978లో బ్రయాన్ కెర్నిహాన్‌తో కలిసి రాసిన సి పుస్తకం వచ్చింది.

ఒక ప్రోగ్రామ్ అవుట్‌పుట్‌ను మరో ప్రోగ్రామ్‌కు ఇన్‌పుట్‌గా ఇచ్చే పైపుల ఆలోచన డగ్ మెక్‌ఇల్‌రాయ్‌ది. దాన్ని యూనిక్స్‌లో పెట్టింది థాంప్సన్. ఒక్కరి ఘనత కాదు, ఒక గది నిండా ఉన్న మనుషుల పని అది.

రిచీ పేరు మీద ఒక పేటెంట్ ఉంది. మామూలు యూజర్ తన పాస్‌వర్డ్ మార్చుకోవాలి. కానీ పాస్‌వర్డ్ ఫైలును దిద్దే హక్కు అడ్మిన్‌కే ఉంటుంది. ఆ ఒక్క ప్రోగ్రామ్ నడిచేంతసేపు మాత్రం యూజర్‌కు అధికారం అరువిచ్చే ఏర్పాటును రిచీ కనిపెట్టారు. సెట్‌యూఐడీ అంటారు. 1979లో పేటెంట్ మంజూరైంది. తర్వాత కంపెనీ దాన్ని ప్రజలకు వదిలేసింది. ఈరోజు లినక్స్‌లోనూ అది ఉంది.

అమ్మకూడదన్న షరతే మేలు చేసింది

యూనిక్స్ అంత మంచిదైతే ఫోన్ కంపెనీ అమ్ముకోలేదేం? అమ్ముకోవడానికి వీల్లేదు. గుత్తాధిపత్యం కేసులో అమెరికా ప్రభుత్వంతో 1956లో కుదిరిన ఒప్పందం ప్రకారం ఏటీ అండ్ టీ టెలిఫోన్ సేవలు దాటి మరో వ్యాపారం చేయకూడదు. తన పేటెంట్లకు అడిగినవారికి లైసెన్స్ ఇవ్వాలి. అందుకని యూనివర్సిటీలకు నామమాత్రపు ఫీజుతో యూనిక్స్ టేపులు పంపింది. సోర్స్ కోడ్ సహా. సపోర్ట్ ఉండదు, తప్పులు దిద్దిపెట్టే పూచీ లేదు.

దిద్దేవాళ్లు లేకపోతే ఏం చేస్తారు? వాడేవాళ్లే దిద్దుకున్నారు. దిద్దినవి ఒకరికొకరు పంచుకున్నారు. కాలిఫోర్నియా యూనివర్సిటీలోని బర్కిలీ విద్యార్థులు తమ మార్పులన్నీ కలిపి బీఎస్‌డీ పేరుతో పంచడం మొదలుపెట్టారు. అమెరికా రక్షణ పరిశోధన సంస్థ డార్పా వాళ్లకు డబ్బిచ్చింది. దానికి కావాల్సింది నెట్‌వర్క్. 1983లో వచ్చిన బీఎస్‌డీ 4.2 వెర్షన్‌లో ఇంటర్నెట్ ప్రొటోకాల్స్, సాకెట్లు చేరాయి. మీరు నెట్‌వర్క్స్ ల్యాబ్‌లో రాసే సాకెట్ ప్రోగ్రామ్ మూలం అదే. ఇక్కడా అదే సూత్రం. ఏ సమస్య ముందు తీరాలో డబ్బిచ్చినవాళ్లు తేల్చారు. ఎలా తీర్చాలో పని చేసినవాళ్లు తేల్చారు.

జిరాక్స్ కాపీలు, మూసిన తలుపు

ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ యూనివర్సిటీలో జాన్ లయన్స్ అనే లెక్చరర్ యూనిక్స్ కెర్నల్ కోడ్‌ను వరుసవరుసగా వివరిస్తూ విద్యార్థులకు నోట్స్ రాశారు. 1979లో ఏడో ఎడిషన్‌తో వచ్చిన కొత్త లైసెన్స్, కోడ్‌ను క్లాసులో పాఠంగా చెప్పడాన్ని నిషేధించింది. లయన్స్ నోట్స్ బయట దొరక్కుండా పోయింది. విద్యార్థులు ఊరుకుంటారా? జిరాక్స్ మీద జిరాక్స్ తీసి చదువుకున్నారు. అది అందరికీ అమ్మే పుస్తకంగా వచ్చింది 1996లో.

1984 జనవరి 1న ఏటీ అండ్ టీ ముక్కలైంది. పాత షరతు పోయింది. యూనిక్స్‌ను అమ్మడం జోరందుకుంది. ఈ మార్పు డిజైన్‌నూ తాకింది. డేటా రాకపోకల కోసం రిచీ స్ట్రీమ్స్ అనే తేలికైన పద్ధతిని 1984లో ప్రకటించారు. కంపెనీ అమ్మిన సిస్టమ్ ఫైవ్‌లో అది పెద్ద నిర్మాణంగా పెరిగిపోయింది. తర్వాత లినక్స్ దాన్ని తన ప్రధాన కెర్నల్‌లోకి తీసుకోలేదు.

తలుపు మూస్తే బయటివాళ్లు మరో ఇల్లు కట్టుకున్నారు. 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ గ్నూ ప్రాజెక్టు ప్రకటించారు. 1987లో ఆండ్రూ టానెన్‌బామ్ పాఠాలు చెప్పుకోవడానికి మినిక్స్ రాశారు. దాన్ని వాడిన ఫిన్లండ్ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ 1991లో లినక్స్ విడుదల చేశారు. మరుసటి ఏడాది దాన్ని జీపీఎల్ లైసెన్స్ కిందికి తెచ్చారు. ఎవరైనా వాడొచ్చు, మార్చొచ్చు. మార్చినదాన్ని ఇతరులకు ఇస్తే సోర్స్ కోడ్ కూడా ఇచ్చి తీరాలి. ఇచ్చిన దాన్ని వెనక్కి లాక్కునే వీలు ఏ కంపెనీకీ లేకుండా పోయింది.

తెలుగు అక్షరం దాకా

థాంప్సన్‌తో కలిసి 1983లో ట్యూరింగ్ అవార్డు అందుకున్నాక కూడా రిచీ ల్యాబ్ వదల్లేదు. యూనిక్స్ తర్వాతి అడుగుగా ప్లాన్ 9 అనే సిస్టమ్ అక్కడే తయారైంది. ఆ పని జరుగుతుండగా 1992లో కంపెనీల కూటమి ఎక్స్/ఓపెన్ ప్రపంచ భాషలన్నిటికీ సరిపోయే కోడింగ్ పద్ధతి కోసం వెతుకుతోంది. రిచీ సహచరులు థాంప్సన్, రాబ్ పైక్ దానికి యూటీఎఫ్-8 రూపొందించి, రోజుల వ్యవధిలో ప్లాన్ 9 మొత్తాన్ని అందులోకి మార్చారు. మీరు వాట్సాప్‌లో కొట్టే ఒక్కో తెలుగు అక్షర సంకేతం అందులో 3 బైట్లు తీసుకుంటుంది. ప్లాన్ 9 మార్కెట్లో నిలవలేదు. దానిలోని మంచి ఆలోచనలు మాత్రం లినక్స్‌లోకి, ఇంటర్నెట్‌లోకి వచ్చి చేరాయి.

రిచీ 2007లో రిటైరయ్యారు. 2011 అక్టోబరులో న్యూజెర్సీలోని ఇంట్లో ఒంటరిగా కన్నుమూశారు. అదే నెల 5న స్టీవ్ జాబ్స్ పోయారు. ప్రపంచమంతా ఆ వార్తలోనే ఉండిపోయింది. జాబ్స్ అమ్మిన ఐఫోన్ లోపల నడిచేదీ యూనిక్స్ వంశానికి చెందిన సిస్టమే.

ఇప్పుడు ఎవరి మాట నెగ్గుతోంది?

ఈరోజు లినక్స్ కెర్నల్‌లో చేరే కోడ్‌లో అధిక భాగం కంపెనీలు జీతమిచ్చే ఇంజినీర్లు రాసిందే. ఐబీఎం 2001లో లినక్స్ మీద 100 కోట్ల డాలర్లు పెడతానంది. దానికి పెద్ద సర్వర్లు కావాలి. కాబట్టి ఎక్కువ ప్రాసెసర్లున్న మెషీన్ల మీద లినక్స్ బాగా నడవడానికి ఐబీఎం ఇంజినీర్లు పనిచేశారు. గూగుల్‌కు వేల మెషీన్ల మీద పనులను విడివిడిగా అదుపులో ఉంచాలి. ఆ అవసరం నుంచి వచ్చిన సీగ్రూప్స్ 2008లో కెర్నల్‌లో చేరింది. మీరు నేర్చుకునే డాకర్, కుబర్నెటీస్ దాని మీదే నిలబడ్డాయి.

అన్నీ అలా సాఫీగా చేరవు. ఫోన్ బ్యాటరీ కోసం ఆండ్రాయిడ్ బృందం చేసుకున్న వేక్‌లాక్స్ మార్పును కెర్నల్ మెయింటైనర్లు ఆ రూపంలో ఒప్పుకోలేదు. ఏళ్ల తరబడి వాదన నడిచాక వేరే రూపంలో ఆ సౌకర్యం వచ్చింది. మైక్రోసాఫ్ట్ 2009లో సుమారు 20,000 వరుసల డ్రైవర్ కోడ్ ఇచ్చింది. పేరు పెద్దదని నేరుగా లోపలికి రానివ్వలేదు. శుభ్రం చేసేదాకా పక్కన ఉన్న స్టేజింగ్ విభాగంలోనే ఉంచారు.

కంపెనీలు చేయి వదిలేస్తే ఏమవుతుందో కూడా తెలుసుకోవాలి. ఇంటెల్ ఒకప్పుడు ఎంతో ఆర్భాటంగా తెచ్చిన ఇటానియం ప్రాసెసర్‌ను చూసుకునేవాళ్లు లేక, 2024 జనవరిలో వచ్చిన లినక్స్ 6.7 నుంచి తొలగించారు. కాబట్టి జవాబు ఇది. ఏ సమస్య మీద పని జరగాలో కంపెనీ డబ్బు చాలావరకు నిర్ణయిస్తుంది. ఆ పని ఏ రూపంలో నిలవాలో కోడ్‌ను కాపాడే మెయింటైనర్లు నిర్ణయిస్తారు. అది అందరిదిగా ఉంటుందా లేదా అన్నది లైసెన్స్ నిర్ణయిస్తుంది. ఈ మూడూ సమానంగా ఉన్నంతకాలం కంపెనీ డబ్బు మేలే చేస్తుంది.

మరి ఎవరూ డబ్బు పెట్టని పని? దానికి దగ్గరి ఉదాహరణ తెలుగే. హైదరాబాద్ కేంద్రంగా పనిచేసే స్వేచ్ఛ సంస్థ వాలంటీర్లు మెనూలు, సందేశాలు తెలుగులో కనిపించే గ్నూ/లినక్స్ సిస్టమ్‌ను తయారుచేశారు. వాళ్లలో విద్యార్థులు ఎందరో. కంపెనీలు ఖాళీ వదిలిన చోట కొత్తవాళ్లకు చోటు దొరుకుతుంది.

మీరు మొదలుపెట్టాలంటే

• సి ని మార్కుల కోసం కాకుండా పని కోసం నేర్చుకోండి. పాయింటర్లు, స్ట్రక్చర్లు, మెమరీ.. ఈ మూడూ గట్టిగా వస్తే కెర్నల్ కోడ్ చదవగలరు. కెర్నిహాన్, రిచీ పుస్తకం 300 పేజీల లోపే ఉంటుంది.

• పాత ల్యాప్‌టాప్ అయినా చాలు, లినక్స్ వేసుకోండి. సొంతది లేకపోతే కాలేజీ ల్యాబ్‌లో వర్చువల్ మెషీన్ అడగండి. రిచీకి దొరికిన మెషీన్ కంటే అది లక్షల రెట్లు పెద్దది.

• గిట్ నేర్చుకోండి. మొదటి పని చిన్నదే కానివ్వండి. తెలుగు అనువాదం, డాక్యుమెంటేషన్‌లో తప్పు దిద్దడం కూడా లెక్కలోకి వస్తాయి.

• కెర్నల్‌కు ప్యాచ్ పంపేముందు చెక్‌ప్యాచ్ స్క్రిప్ట్‌తో సరిచూసుకోండి. ఆ కోడ్ ఎవరు చూస్తారో గెట్ మెయింటైనర్ స్క్రిప్ట్ చెబుతుంది. ఏం మార్చారో కాదు, ఎందుకు మార్చారో రాయండి. తిప్పి పంపితే బాధపడొద్దు. పెద్ద కంపెనీల ఇంజినీర్లకూ అదే జరుగుతుంది.

• గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్, లినక్స్ ఫౌండేషన్ మెంటార్‌షిప్, ఔట్‌రీచీ కార్యక్రమాల్లో ఇంటి నుంచే పనిచేస్తూ స్టైపెండ్ పొందొచ్చు. అర్హతలు, గడువు తేదీలు వాటి అధికారిక సైట్లలో చూసుకోండి.

• హైదరాబాద్‌లో ఆఫీసులున్న క్వాల్‌కామ్, ఏఎండీ, మైక్రోసాఫ్ట్, గూగుల్ లినక్స్‌కు కోడ్ ఇచ్చే కంపెనీలే. డ్రైవర్లు, ఎంబెడెడ్ సిస్టమ్స్ ఉద్యోగాలకు దరఖాస్తు చేసేటప్పుడు, మీ ప్యాచ్ ఆమోదం పొందిన లింకును రెజ్యూమెలో పెట్టండి. కోర్సు సర్టిఫికెట్‌ను నమ్మాలో లేదో ఇంటర్వ్యూ చేసేవాళ్లు ఆలోచిస్తారు. ఈ లింకును మాత్రం అక్కడికక్కడే తెరిచి చూసుకుంటారు.

ప్యాచ్ కింద పడేది కంపెనీ సంతకం కాదు, రాసినవాళ్ల పేరు. ఉద్యోగం మారినా, కంపెనీ మూతపడినా ఆ పేరు కోడ్ చరిత్రలో అలాగే ఉంటుంది. ఏ ఊరు, ఏ కాలేజీ అని అక్కడ ఎవరూ అడగరు.